నోటిమాటగా ఆదేశించిన ప్రకారం

నాయకత్వం అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏ సభలోనైనా ఎవరైనా ఆ మాట ఎత్తుకున్నారంటే చెప్పులేసుకుని బయటికి వచ్చేస్తాను. వయసు మీద పడింది, ఇంకా ఎందుకమ్మా ఆ కోపం అంటారు తెలిసినవాళ్ళు. ఊరికే వదిలేయడానికి అది నాకు ఎవరో దానంగా ఇచ్చింది కాదు. పదకొండేళ్ళు పనిచేసి నేను సంపాదించుకున్నది.

డెబ్భైల మధ్యలో ఉద్యోగంలో చేరాను. అనంతపురం జిల్లాలో, ఎర్రనేల మీద, బండలూ తంగేడు చెట్లూ తప్ప ఏమీ లేని చోట నాలుగు రేకుల షెడ్లలో మొదలైన చదువుల కేంద్రం అది. కొన్నేళ్ళకు యూనివర్సిటీ అయింది. ఆ పేరుతో ఆ సంస్థ ఇప్పుడు లేదు కాబట్టి ఎవరూ ఉలిక్కిపడనక్కర్లేదు. మధ్యాహ్నం గాలి లేచిందంటే టైపు మిషను మీద వేలు మందాన దుమ్ము పేరుకునేది. తాగే నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి, అదీ వచ్చిననాడు. ధర్మవరంలో గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టినదాన్ని. బి.ఏ., ఎం.ఏ. ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. జిల్లా కాలేజీలకు పరీక్షలు జరిపే పరీక్షల విభాగంలో టైపిస్టుగా చేరి, ఆరేళ్ళకు అక్కడే సూపరింటెండెంటునయ్యాను.

చేరిన వారంలోనే నా మొదటి నోటు తిరిగి వచ్చింది. ఫలానా కాలేజీకి జవాబు పుస్తకాలు చాలలేదు, నేను పక్క కాలేజీ నుంచి తెప్పించి సర్దాను అని రాశాను. అప్పటి హెడ్ గుమాస్తా ఆ కాగితాన్ని నా ముందు పెట్టి, 'నేను' అన్న చోట వేలితో కొట్టి చూపించాడు. మన స్థాయివాళ్ళు నోటులో ఆ మాట రాయకూడదట. ఏ పని చేసినా, "డిప్యూటీ రిజిస్ట్రారుగారు నోటిమాటగా ఆదేశించిన ప్రకారం" అని మొదలుపెట్టాలట. ఆయన చెప్పినా చెప్పకపోయినా సరే. అలా రాస్తే పెద్దాయనకు మర్యాద, ఫైలు ఎక్కడా ఆగదు, రేపు ఏదైనా తేడా వస్తే మనకు రక్ష. ఆ ఆఫీసులో అందరూ అలాగే రాసేవాళ్ళు. ఫైళ్ళన్నీ ఇంగ్లీషులోనే కాబట్టి ఆ వాక్యం ఇంగ్లీషులో నా వేళ్ళకు ఎంత అలవాటైందంటే, కళ్ళు మూసుకుని కొట్టేదాన్ని. అందులో తప్పుందని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. మా ఇంట్లో కూడా ఎవరూ 'నేను నేసినా' అని చెప్పుకోగా వినలేదు.

ఇక ఆ డిప్యూటీ రిజిస్ట్రారు. సోమందేపల్లె వైపు మనిషి, భూములున్న ఇల్లు. చెడ్డవాడని చెప్పడానికి లేదు, నా బాధంతా అదే. తిట్టేవాడు కాదు, లంచం ముట్టేవాడు కాదు. పని కూడా చేసేవాడు కాదు. పదకొండింటికి వచ్చి, వక్కపొడి నోట్లో వేసుకుని, "ఏమ్మా, అంతా జరుగుతాండాదా?" అని అడిగేవాడు. జరుగుతాండాది సార్ అంటే, మంచిదని తలూపి పేపరు విప్పేవాడు. నేను పెట్టిన కాగితాల మీద చదవకుండా సంతకాలు చేసేవాడు. సంతకం మాత్రం చూడముచ్చటగా ఉండేది.

ఒక ఏడాది వాన అసలే పడలేదు. వేరుశనగ విత్తినది విత్తినట్టే మాడిపోయింది. కళ్యాణదుర్గం వైపు ఊళ్ళలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి, జనం బెంగుళూరుకు కూలికి పోయారు. ఆ పక్క డిగ్రీ చదివే పిల్లలు ఏటా టౌనుకు వచ్చి, పది పన్నెండు రోజులు గది తీసుకుని పరీక్షలు రాసేవాళ్ళు. ఆ ఏడాది తిండికే గతిలేదు, ఇక గదులెక్కడ? ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు. ఫీజు కట్టిన పిల్లలు హాల్ టికెట్లకు రాకపోతే, ఏం కథ అని బస్సెక్కి పోయి చూశాను. అక్కడి హైస్కూలు హెడ్మాస్టరును బతిమాలి నాలుగు గదులు, బెంచీలు సంపాదించాను. నీళ్ళ కుండలు పెట్టించాను. పదింటికి మొదలయ్యే పరీక్షను ఎండకు భయపడి అన్ని సెంటర్లలోనూ ఉదయం ఏడింటికి మార్చాను. కళ్యాణదుర్గంలో కొత్తగా పరీక్షా కేంద్రం తెరిచాం అని నోటు రాశాను. ఎవరి ఆదేశం ప్రకారం తెరిచామని రాశానో మళ్ళీ చెప్పక్కర్లేదు.

అలాంటివి ఇంకా ఉన్నాయి. ప్రశ్నపత్రాలు తీసుకుపోయే బస్సు దారిలో చెడిపోతే, వేరుశనక్కాయల లారీ ఆపి, లక్క సీలు వేసిన కట్టల మీద నేనే కూర్చుని ఊరు చేరాను. ఫోటో తీయించుకోవడానికి దుడ్లు లేని పిల్లలకు హెడ్మాస్టరు సంతకంతో హాల్ టికెట్లిచ్చే పద్ధతి పెట్టాను. ఇన్ని చేసినా ఫైల్లో నేను ఒక టైపు మిషనును, అంతే.

ఎనభైల మధ్యలో విదేశాల నుంచి ఒక పథకం వచ్చింది. ఎదుగుతున్న దేశాల విశ్వవిద్యాలయాల్లో నాయకత్వ సామర్థ్యం పెంపొందించడం దాని పేరు. వాళ్ళ యూనివర్సిటీలూ మనవీ చేతులు కలిపి, మనకు పాలన నేర్పుతాయన్నమాట. ఇద్దరు నిపుణులు వచ్చారు. ఒకాయన పొడుగాటి ముసలాయన, చొక్కా వీపంతా చెమటతో తడిసి ఉండేది. ఇంకొకామె నడివయసు మనిషి, ఎప్పుడూ ఏదో రాసుకుంటూ ఉండేది. వాళ్ళ తాగునీళ్ళు బెంగుళూరు నుంచి డబ్బాల్లో వచ్చేవి. ఆ డబ్బాలు గెస్టు హౌసు వరండాలో వరసగా పేర్చి ఉంటే, మా హాస్టలు పిల్లలు అటువైపు చూసుకుంటూ బకెట్లతో ట్యాంకరు దగ్గరికి పోయేవాళ్ళు.

వారం రోజులు శిక్షణ జరిగింది. గోడల నిండా చార్టులు, రంగుల పెన్నులు. నాయకుడూ అనుచరుడూ అన్న తేడా ఉండకూడదు, అందరూ గుండ్రంగా కూర్చోండి అన్నాడు ముసలాయన. వైస్ ఛాన్సలరు కూర్చునేదాకా ఎవరూ కూర్చోలేదు. కూర్చున్నాక, ఆయనకు కుడివైపు రిజిస్ట్రారు, ఎడమవైపు డీన్లు, తర్వాత ప్రొఫెసర్లు, తర్వాత డిప్యూటీ, చివర తలుపు దగ్గర మేము. గుండ్రంగానే ఉంది, కానీ ఎవరి తల ఎక్కడో అందరికీ తెలుసు. పాపం ఆయన సంతోషించి ఫోటో తీసుకున్నాడు.

రెండో రోజు అసలు సంగతి బయటపెట్టారు. మా సంస్థ నుంచి ఒక్కరిని ఆరు నెలలు వాళ్ళ దేశానికి తీసుకుపోయి తర్ఫీదు ఇస్తారు. తిరిగి వచ్చాక కొత్తగా పెట్టే పాలనా విభాగానికి ఆ మనిషే అధిపతి, ఆపైన రిజిస్ట్రారు కుర్చీకి దారి కూడా అదే. హోదాతో నిమిత్తం లేదు, సూపరింటెండెంటు స్థాయి నుంచి ఎవరైనా అర్హులే అన్నారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ సీటు నాకు కావాలనిపించింది. అంతకు ముందు జీవితంలో దేన్నీ అంతగా కోరుకోలేదు. ఆ కుర్చీలో నేను ఉంటే ఆ పిల్లల కోసం ఎవరి సంతకం కోసమూ వరండాలో నిలబడక్కర్లేదు.

ఎంపిక ఎలా అని ఎవరో అడిగారు. ఆ రాసుకునే ఆమె చెప్పిన మాట విని ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. సిఫార్సులు వద్దు, ఇంటర్వ్యూలు వద్దు, పదేళ్ళ ఫైళ్ళు ఇవ్వండి, కష్టమైన పరిస్థితిలో సరైన నిర్ణయం ఎవరు తీసుకున్నారో మేమే చదివి తెలుసుకుంటాం అంది. పదేళ్ళ ఫైళ్ళంటే నా ఫైళ్ళే. కళ్యాణదుర్గం ఫైలు, లారీ ఫైలు, ఫోటోల ఫైలు, అన్నిటికీ దుమ్ము దులిపి, కొత్త దారాలు కట్టి, నేనే మోసుకుపోయి ఆమె బల్ల మీద పెట్టాను. నాకు నేనే గొయ్యి తవ్వుకుంటున్నానన్న సంగతి తెలియలేదు. అంత చదివినదాన్ని, అన్ని వందలసార్లు ఆ వాక్యం కొట్టినదాన్ని, అది చదివేవాళ్ళు నిజమని నమ్ముతారని ఆలోచించలేదు. మా ఆఫీసులో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు మరి. అది మాకు ఉత్తరంలో 'క్షేమం' అని రాయడం లాంటిది.

నాలుగో రోజు ఆమె వరండాలో కనిపించి, మీ రికార్డులు చాలా బాగున్నాయి, డ్రాఫ్టింగు చాలా స్పష్టంగా ఉంది అని మెచ్చుకుంది. తర్వాత, మీ డిప్యూటీ రిజిస్ట్రారు అసాధారణమైన మనిషి అంది. ధైర్యం కూడగట్టుకుని, మేడం, నిజానికి ఆ ఆర్డర్లు ఆయన ఇవ్వలేదు అన్నాను. ఆమె పెన్ను ఆపి నా మొహంలోకి చూసింది.

"అంటే, పదేళ్ళుగా ఈ ఫైళ్ళలో రాసింది అబద్ధమా?"

ఆమె వెటకారంగా అడగలేదు, తెలుసుకోవడానికే అడిగింది. నేనేం చెప్పాలి? అవునంటే పదేళ్ళు దొంగ రాతలు రాసినదాన్నవుతాను. ప్రశ్నపత్రాలు కాపలా కాసే మనిషి ఫైల్లో అబద్ధం రాసిందంటే ఆ రోజే ఇంటికి పంపిస్తారు. మా మర్యాద ఇలాంటిది అని వివరించడానికి నా ఇంగ్లీషు చాలలేదు. తెలుగులో అడిగినా చాలేది కాదేమో. లేదు మేడం, ఆయన మామీద నమ్మకంతో వదిలేసేవారు అన్నాను. ఆమె కళ్ళు మెరిశాయి. ఆ ముక్క కూడా రాసుకుంది.

చివరిరోజు ముసలాయన ఆ కళ్యాణదుర్గం ఫైలు చేత్తో పైకెత్తి పట్టుకుని ఉపన్యాసం ఇచ్చాడు. కరువును చూసి బెదిరిపోకుండా, కాగితం కోసం ఆగకుండా, నోటిమాటతో పని జరిపించగల మనిషి ఈ సంస్థలో ఉన్నాడన్నాడు. ఇదే నిజమైన నాయకత్వం అన్నాడు. మా డిప్యూటీ లేచి, చేతులు జోడించి నిలబడ్డాడు. ఒక్కసారి, ఒక్కసారే నావైపు చూశాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ చేతులు మండుతాయి.

ఆ ఆదివారం ధర్మవరం పోయి నాయనతో చెప్పుకుని ఏడ్చాను. ఆయన మగ్గం గుంటలో కూర్చుని, నేత ఆపకుండానే అంతా విన్నాడు. నువ్వెందుకు రాసినావు లేని మాట అని అడిగాడు. అందరూ రాస్తారు నాయనా, మీ చీరల మీద మాత్రం మీ పేరుంటుందా, షావుకారు ముద్రే కదా ఉండేది అని ఎదురు అడిగాను. అప్పుడు నేత ఆపాడు.

"ముద్ర షావుకారుదే పాపా. ఏసుకునేదీ షావుకారే. నేనెప్పుడన్నా నా చేత్తో ఏసినానా?"

నాకు కోపమొచ్చింది. అన్నం తినకుండా బస్సెక్కేశాను. సరైన మాట అన్నాడు కాబట్టే కోపం వచ్చిందని బస్సు దిగేలోపు తెలిసింది.

డిప్యూటీ ఆరు నెలలు విదేశం పోయాడు. కుర్చీ ఖాళీగా ఉంది, విభాగం మామూలుగానే నడిచింది, దాన్ని బట్టే ఎవరికైనా అర్థం కావాలి. ఆ ఆరు నెలల్లో నేను ఒక ప్రయత్నం చేశాను. సప్లిమెంటరీ పరీక్షల తేదీలు వేరుశనగ కోతల మీద పడ్డాయి. కోతలప్పుడు పిల్లలను పరీక్షకు పిలిస్తే ఎవరొస్తారు? పదిహేను రోజులు జరిపి, నోటులో మొదటిసారిగా 'నేను నిర్ణయించాను' అని రాశాను. రాసేటప్పుడు దొంగతనం చేస్తున్నట్టు తలుపువైపు చూసుకున్నాను. మర్నాడే రిజిస్ట్రారు గది నుంచి ఫైలు తిరిగి వచ్చింది. ఎర్రసిరాతో, నిర్ణయించడానికి మీరెవరు అని ఉంది.

కోతలు దగ్గర పడుతున్నాయి. టైము లేదు. పళ్ళు కొరుక్కుంటూ ఇంకో నోటు కొట్టాను. "డిప్యూటీ రిజిస్ట్రారుగారు విదేశాలకు బయలుదేరేముందు నోటిమాటగా ఆదేశించిన ప్రకారం." గంటలో సంతకమై వచ్చింది. ఆయన బయలుదేరేనాటికి ఆ పరీక్షల తేదీలే ఖరారు కాలేదు. ఎవరూ అడగలేదు. నేను ఆ ఫైలుకు నంబరు వేసి బీరువాలో పెట్టాను.

ఆయన తిరిగి వచ్చాడు. కోటు, స్లైడ్లు చూపించే మిషను, నోటి నిండా కొత్త మాటలు. శనివారం శనివారం మమ్మల్ని కూర్చోబెట్టి నాయకత్వం గురించి చెప్పేవాడు. తెరమీద బాణాలు, పెట్టెలు. అధికారాన్ని కిందివాళ్ళకు పంచాలి అనేవాడు. నేను చేసిన పనులు నాకే పాఠాలుగా చెప్పాడు, కళ్యాణదుర్గం కథ కూడా. అందులో కుండల సంగతి ఆయనకు తెలియదు కాబట్టి కుండలు లేవు. నేను వింటూ, అటెండరు తెచ్చిన టీ తాగుతూ, గంగిరెద్దులా తలూపుతూ కూర్చున్నాను.

ఆ మనిషి ఏమీ చేయకుండా ఉన్నంతకాలం బాగానే ఉంది. చేయాలనే కోరిక పుట్టించి పంపించారు ఆ మహానుభావులు. తర్వాతి వేసవికి ముందు నన్ను గదిలోకి పిలిచి, చిన్న చిన్న పరీక్షా కేంద్రాలు ఎత్తేద్దామన్నాడు. అన్నీ టౌనులో ఒక్క చోటికి చేరిస్తే నిఘా బాగుంటుందట, ఆయన పోయొచ్చిన దేశంలో అలాగే చేస్తారట. కళ్యాణదుర్గం కూడానా అని అడిగాను. అది కూడా అన్నాడు. ఆ ఏడాది కూడా వానల్లేవు. పరీక్ష ఏడింటికి మొదలవుతుంది సార్, అటునుంచి మొదటి బస్సు వచ్చేసరికే ఎనిమిదవుతుంది, ఊళ్ళ నుంచి ఆ బస్సు అందుకునేదెవరు అని అడిగాను. కనీసం టైమన్నా పదింటికి మార్చండి అన్నాను. ఏడింటి పరీక్ష తన పేరున్న సంస్కరణ కదా, దాన్ని కదిలించడానికి ఆయనకు మనసు రాలేదు.

"అవన్నీ నేను చూసుకుంటాలేమ్మా. నువ్వు ఆర్డరు పెట్టు."

పదకొండేళ్ళలో ఆయన నాకు నోటిమాటగా ఇచ్చిన మొదటి ఆదేశం అది. కాగితం మీద రాసివ్వండి సార్ అని అడగొచ్చు. అడగలేదు. అలా అడిగితే అనుమానించినట్టు. నా సీటుకు వచ్చి, అలవాటైన వాక్యంతో మొదలుపెట్టి ఆర్డరు టైపు చేశాను. ఆ వాక్యం మొదటిసారిగా నిజమైంది. ఆయన ఎప్పట్లాగే చదవకుండా సంతకం పెట్టాడు.

పరీక్ష మొదటిరోజు ఆరున్నరకే నేను టౌను సెంటరు గేటు దగ్గర ఉన్నాను. ఏడున్నర తర్వాత ఎవరినీ లోపలికి రానివ్వకూడదని నిబంధన. అది రాసింది కూడా నేనే. ఏడున్నరకు, ఆ సెంటరులో పరీక్ష నడిపే చీఫ్ సూపరింటెండెంటు గేటు వేయించాడు. ఎనిమిదీ పదికి బస్టాండు వైపు నుంచి పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చారు. ముప్పైమంది దాకా ఉంటారు. నేను చీఫ్ సూపరింటెండెంటును బతిమాలాను. పైనుంచి మాట వస్తే తీస్తానన్నాడు. ఎదురుగా ఉన్న పోస్టాఫీసుకు పోయి డిప్యూటీ ఇంటికి ఫోను చేశాను. నిబంధన నిబంధనే కదమ్మా, ఒకరికి తీస్తే అందరికీ తీయాలి అన్నాడు. గొంతులో నిద్ర ఇంకా పోలేదు.

గేటు దగ్గర ఒక అమ్మాయి, మేకలు కాసే ఇంటి పిల్ల, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. హాల్ టికెట్టు ప్లాస్టిక్ కవర్లో చుట్టి జాకెట్లో పెట్టుకుంది. దాని మీద ఫోటో లేదు, హెడ్మాస్టరు సంతకం ఉంది. రాత్రి రెండింటికి ఇంటి నుంచి నడక మొదలుపెట్టి బస్సు అందుకున్నారట. అరవలేదు, ఏడవలేదు. నా మెడలో ఆఫీసు బిళ్ళ చూసి దగ్గరికి వచ్చింది.

"నిరుడు మా పక్కనే ఉండె గదక్కా సెంటరు. ఎవరు తీసేసినారు?"

ఆయన తీసేశాడని చెప్పొచ్చు. టైపు కొట్టింది ఎవరక్కా అని ఆ పిల్ల అడగదు. కానీ నాకు తెలుసు కదా. టీ తాగుదాం రామ్మా అన్నాను, అంతకన్నా ఏం అనాలో తెలియక. ఆ పిల్ల వద్దంది. గేటు పట్టుకుని, పరీక్ష అయిపోయే దాకా అక్కడే నిలబడింది.

మర్నాడు పిల్లలు ఆఫీసు ముందు కూర్చున్నారు. రెండు అద్దాలు పగిలాయి. వారానికి విచారణ సంఘం వేశారు. బయటి నుంచి పిలిపించిన రిటైర్డు ప్రొఫెసరు ఒకాయన అధ్యక్షుడు. ఆ గదిలోకి నేను ధీమాగానే వెళ్ళాను. ఆర్డరు కాగితం చేతిలో ఉంది, మొదటి వాక్యంలోనే ఎవరి ఆదేశమో ఉంది, కింద సంతకం ఉంది. హెడ్ గుమాస్తా చెప్పిన రక్ష ఇదే కదా, ఇన్నాళ్ళకు పనికొచ్చింది అనుకున్నాను.

డిప్యూటీ నామీద కోపంగా కూడా మాట్లాడలేదు. ఆమె చాలా కష్టపడే మనిషి అన్నాడు. అధికారం కిందికి పంచాలని నేర్చుకొచ్చాను కాబట్టి ఆమెకే వదిలేశాను, నమ్మి సంతకం పెట్టాను, అదే నా పొరపాటు అన్నాడు. మరి నోటిమాటగా ఆదేశించినట్టు ఉందే అని అధ్యక్షుడు అడిగాడు. డిప్యూటీ నవ్వి, పక్కనున్న ఫైలు తెరిచి ముందుకు తోశాడు. కోతలనాటి ఫైలు అది.

"అదొక ఊతపదం సార్ ఆమెకు. నేను ఈ దేశంలో లేనప్పుడు కూడా రాసింది, చూడండి."

చూశారు. తేదీలు సరిపోల్చారు. ఒకాయన నవ్వాపుకోలేకపోయాడు. ఇదే వాక్యాన్ని నమ్మి ఆ మనిషిని విమానం ఎక్కించారు. ఇదే వాక్యం ఇప్పుడు ఊతపదం అయింది. ఇంత నీచంగా బతకడం ఆయన వాళ్ళ దేశంలో నేర్చుకున్నాడో, మొదటినుంచీ తెలుసో నాకు తెలియదు. ఏదైనా ఒకటే.

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి నావైపు తిరిగి, ఇంతకుముందు రాసినవన్నీ ఈయన చెబితేనే చేశావా అని అడిగాడు. పదేళ్ళ కింద రావలసిన ప్రశ్న అది. వరండాలో అడిగిన ఆమెకు అబద్ధం చెప్పాను. ఇక నా దగ్గర నిజం తప్ప ఏమీ మిగల్లేదు.

"లేదు సార్. అన్నీ నేనే చేసినా. ఇదొక్కటే ఆయప్ప చెప్పినాడు."

అధ్యక్షుడు, అన్నీ తానే చేసినట్టు ఒప్పుకుంది అని గుమాస్తాకు చెప్పి రాయించాడు. ఇదొక్కటి తప్ప అన్నాను కదా సార్ అన్నాను. రాసుకున్నాంలేమ్మా అన్నాడు. రాసుకోలేదు.

మూడు నెలల తర్వాత ఆ పిల్లలకు మళ్ళీ పరీక్ష పెట్టారు, కళ్యాణదుర్గంలోనే. సగంమంది వచ్చారు. మిగతావాళ్ళు అప్పటికే బెంగుళూరులో ఇటుకలు మోస్తున్నారని అక్కడి హెడ్మాస్టరు చెప్పాడు. ఆ మేకల ఇంటి పిల్ల నంబరు కోసం హాజరు పట్టీ రెండుసార్లు చూశాను. ఆమె పేరు ఎదురుగా గైర్హాజరు అని ఉంది. అందులో నా వంతు ఎంతో నాకు తెలుసు, దాన్ని ఎవరి మీదకూ తోయను.

డిప్యూటీ ఆ ఏడాదే రిజిస్ట్రారయ్యాడు. విదేశీ నిపుణులు అభినందిస్తూ ఉత్తరం రాశారు, దాన్ని అద్దం కట్టించి గోడకు పెట్టారు. నన్ను పరీక్షల విభాగం నుంచి స్టోర్సుకు మార్చారు. సుద్దముక్కలు, కుర్చీలు, ఫినాయిలు. మిగిలిన సర్వీసంతా అక్కడే అయింది. నోటిమాటగా చెప్పారని ఒక్క చీపురు కూడా బయటికి ఇవ్వలేదు. రాసి సంతకం పెట్టమనేదాన్ని. తలపొగరని పేరు వచ్చింది. రానీ అనుకున్నాను.

స్టోర్సుకు మార్చేముందు, విచారణలో తేలింది రాసి మెమో ఇచ్చారు. దాన్ని ధర్మవరం తీసుకుపోయాను. నాయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి మగ్గం పక్కన కూర్చుని తెలుగులో చదివి వినిపించాను. పరీక్షల విభాగం సూపరింటెండెంటు అయిన ఫలానా ఆమె, పై అధికారుల ఆదేశం లేకుండా, తనంతట తానే నిర్ణయం తీసుకున్నదని రుజువైంది అని ఉంది. ఆ సంస్థ నా పేరు రాసి, ఈమె నిర్ణయించింది అని ఒప్పుకున్న కాగితం నా మొత్తం సర్వీసులో అదొక్కటే.

నాయన కాగితం తన చేతికి ఇమ్మన్నాడు. చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"యాడ ఉండాది నీ పేరు?"

చూపించాను. రంగు అంటిన వేలితో దాన్ని ఒకసారి తడిమి, మడిచి నా చేతిలో పెట్టి, మళ్ళీ నేతలో పడ్డాడు.